ఆటలో అరటిపండు

సాయంత్రం నాలుగున్నర. బడి గంట మోగీ మోగకముందే పుస్తకాల సంచులు అరుగు మీద పడతాయి. కొల్లేటి గట్టున ఏ లంక గ్రామంలో చూసినా ఆ తర్వాతి దృశ్యం దాదాపు ఒకటే. ఓ పక్క చేపల చెరువు. మరో పక్క కాలువ. కాలువ నిండా గుర్రపుడెక్క. మధ్యలో పది పన్నెండడుగుల వెడల్పున మట్టి గట్టు. అదే మైదానం... అదే స్టేడియం!

ఆట ఇంకా మొదలుకాదు. ముందు వాదన మొదలవుతుంది.

‘చెరువులో పడితే అవుట్.’

‘కాలువలో పడితే?’

‘అదీ అవుటే. పైగా కొట్టినవాడే తెచ్చుకోవాలి.’

‘మరి మా చెల్లి కూడా ఆడుతుందంట!’

క్షణం సేపు నిశ్శబ్దం. అందరి చూపూ ఆ అయిదేళ్ళ పిల్ల మీదే. జట్టులో కాస్త పెద్దవాడు తీర్పు చెప్పేస్తాడు. ‘సరే... అరటిపండు!’

అంతే. కేసు కొట్టేశారు. ఆ పిల్ల ఆటలో ఉంటుంది. కర్ర పట్టుకుంటుంది, పరుగెత్తుతుంది, కేకలు పెడుతుంది. కానీ అవుటవదు. ఆమె వల్ల ఏ జట్టూ ఓడదు, గెలవదు. ‘ఆటలో అరటిపండు’ అన్న మాటని పెద్దవాళ్ళు వెక్కిరింపుగా వాడతారు గానీ, పిల్లల లోకంలో అది వెక్కిరింపు కాదు. అది ఒక రూలు. చిన్నవాళ్ళని ఇంటికి పంపెయ్యకుండా ఆటలో ఉంచుకోవడానికి ఎవరో ఎప్పుడో కనిపెట్టిన అందమైన రూలు.

ఏలూరు నుంచి తాడేపల్లిగూడెం దాకా, అక్కణ్నుంచి కొల్లేటి లంకల దాకా తిరిగితే ఇలాంటి రూళ్ళు ఎన్నో! ఏ పుస్తకంలోనూ ఉండవు. ఏ సంఘమూ అచ్చువేయలేదు. అన్నయ్యల నుంచి తమ్ముళ్ళకి, అక్కల నుంచి చెల్లెళ్ళకి నోటిమాటగా వచ్చేస్తుంటాయి. ఊరు మారితే రూలు మారుతుంది. నేల మారితే ఆటే మారిపోతుంది.

మేడెక్కితే అవుట్!

ముందు ఏలూరు. తమ్మిలేరు చుట్టుకున్న ఊరు. కృష్ణ నీళ్ళూ గోదావరి నీళ్ళూ కాలువల్లో వచ్చి పలకరించుకునే ఊరు. తివాచీల నేతకి పేరున్న ఊరు. 2022 ఏప్రిల్ 4 నుంచి తన పేరుతోనే ఉన్న జిల్లాకి కేంద్రం. పెద్ద ఆటలకి అల్లూరి సీతారామరాజు స్టేడియం ఉంది. మరి చిన్న ఆటలకి? వీధులే దిక్కు.

ఆదివారం పొద్దున ఏ సందులోకి తొంగిచూసినా క్రికెట్టే. గోడ మీద బొగ్గుతో మూడు గీతలు... వికెట్లు. రబ్బరు బంతి. రూళ్ళు మాత్రం లార్డ్స్‌ వాళ్ళకి కూడా తెలియనివి. బంతి మేడ మీద పడితే అవుట్. ఎదురింటి కిటికీకి తగిలితే అవుట్. కొట్టిన కుర్రాడే వెళ్ళి తిట్లు తినాలి, బంతి తేవాలి. ఒక పిచ్ పడ్డాక ఒంటిచేత్తో పట్టినా క్యాచే. మురిక్కాలవలో పడితే రెండే పరుగులు. మోటారుసైకిల్ వస్తే ‘టైం ప్లీజ్’.

నవ్వొస్తుంది గానీ, ఆలోచిస్తే ఇందులో ప్రతి రూలుకీ ఒక కారణం ఉంది. మేడెక్కితే అవుటన్నది బంతి పోకుండా. కిటికీ రూలు ఇరుగుపొరుగుతో తగువు రాకుండా. ఒంటిచేతి క్యాచ్ ఎందుకంటే, ఇరుకు సందులో ఒకడే గంటసేపు బ్యాటింగ్ చేస్తూ కూర్చుంటే మిగతావాళ్ళ వంతు రాదు కాబట్టి! ఇంగ్లండులో క్రికెట్‌కి తొలిసారి నిబంధనలు రాసుకున్నది 1744లో. ఏలూరు సందుల్లో మాత్రం ప్రతి ఆదివారం రాస్తూనే ఉంటారు... గోడ మీద, బొగ్గుతో.

పంటలు, ఉద్దులు

దాదాపు ఏ ఆటకైనా ముందు జరిగే తంతు ఒకటుంది. పంటలు వెయ్యడం. ముగ్గురు చేతులు కలిపి ఊపి, ఒక్కసారిగా అరచేతులు చూపిస్తారు. ఇద్దరివి బోర్లా ఉండి ఒకరిది వెల్లకిలా ఉంటే (లేదా అటుదిటు అయితే) ఆ ఒక్కరూ పంట. ‘పండిపోయాడు’ అంటారు. పక్కకి వెళ్ళి నవ్వుకుంటూ నిలబడతాడు. ఇంకొకరు వచ్చి చెయ్యి కలుపుతారు. చివరికి మిగిలినవాడు దొంగ. ఇందులో బలం పనిచెయ్యదు, వయసు పనిచెయ్యదు, నాన్న ఉద్యోగమూ పనిచెయ్యదు. 

రెండు జట్లుగా చీలాల్సి వస్తే ఉద్దులు కట్టుకుంటారు. ఉద్ది అంటే సరిజోడు. సమానంగా ఆడగలిగే ఇద్దరు భుజాల మీద చేతులు వేసుకుని దూరంగా వెళ్ళి, రహస్యంగా పేర్లు పెట్టుకుంటారు. ఒకడు సూర్యుడు, ఒకడు చంద్రుడు. లేదంటే మావిడిపండు, పనసపండు. వచ్చి ఇద్దరు నాయకుల ముందు నిలబడి ‘సూర్యుడు కావాలా? చంద్రుడు కావాలా?’ అంటారు. నాయకుడు పేరు కోరుకుంటాడు గానీ మనిషిని కాదు. ఆ పేరున్నవాడు అటు, రెండోవాడు ఇటు.

ఎంత తెలివైన పద్ధతో చూడండి! గట్టివాడికి గట్టివాడే ఉద్ది కాబట్టి రెండు జట్లూ సమతూకంగా ఉంటాయి. అంతకంటే ముఖ్యం... ‘నిన్నెవరూ కోరుకోలేదు, చివరికి మిగిలిపోయావు’ అన్న చిన్నబుచ్చుకోవడం ఏ పిల్లాడికీ ఉండదు. వేలంపాట లాగా ఆటగాళ్ళని ఎంచుకునే పద్ధతి కంటే ఇదెంత నయం!

ఎన్ని కర్రలు?

ఏలూరు నుంచి జాతీయ రహదారి మీద తూర్పుగా యాభై కిలోమీటర్ల దూరంలో తాడేపల్లిగూడెం. ఉల్లిపాయల మార్కెట్‌కి పేరున్న వ్యాపార కేంద్రం. ఇప్పుడు జాతీయ సాంకేతిక విద్యాసంస్థ, దగ్గర్లోని వెంకట్రామన్నగూడెంలో ఉద్యాన విశ్వవిద్యాలయం కూడా ఉన్నాయి. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో వేసిన విమానాల రన్‌వే ఈ ఊరికి ఓ గుర్తు. ఊరు దాటితే మాత్రం వరిచేలే. 

సార్వా కోతలయ్యాక, దాళ్వాకి నీళ్ళు పెట్టేలోపు ఆ చేలన్నీ పిల్లలవే. మోళ్ళు కాళ్ళకి గుచ్చుకుంటున్నా లెక్కచెయ్యరు. సంక్రాంతి సెలవులంటే గాలిపటాలూ గోటీబిళ్ళే. బిళ్ళంగోడు, కర్రాబిళ్ళ... పేరేదైతేనేం? తెలంగాణలో చిర్రాగోనె. ఉత్తరాదిన గిల్లీదండా. 

కావలసిందల్లా మూరెడు కర్ర, దానికోసం చెక్కిన జానెడు లోపు బిళ్ళ. బిళ్ళకి రెండు కొసలూ కూసుగా ఉండాలి. నేలలో చిన్న గుంట తవ్వి, బిళ్ళని అడ్డంగా పెట్టి, కర్రతో చిమ్ముతారు. అవతలివాళ్ళు గాల్లో పట్టేస్తే అవుట్. పట్టలేకపోతే చిమ్మినవాడు కర్రని గుంట మీద అడ్డంగా పెడతాడు. బిళ్ళ పడినచోటు నుంచి అవతలివాడు దాన్ని విసిరి కర్రకి తగిలిస్తే అవుట్. తగలకపోతే అసలు ఆట అప్పుడే మొదలు. బిళ్ళ కొసని కర్రతో తట్టి, గాల్లోకి లేచినదాన్ని లేచినట్టే బలంగా కొట్టాలి. మూడు అవకాశాలు. మూడూ తప్పితే... కర్ర ఇచ్చెయ్యాల్సిందే.

ఆ తర్వాతే గమ్మత్తు. బిళ్ళ ఎంత దూరం పోయిందో కొట్టినవాడే కంటితో అంచనా వేసి అడగాలి. ‘ముప్ఫై కర్రలు!’ అవతలివాళ్ళు సరేనంటే ముప్ఫై పాయింట్లు. అనుమానం వస్తే కర్రతో కొలుస్తారు. ముప్ఫై వచ్చినా, మించి వచ్చినా అడిగిన ముప్ఫయ్యే ఇస్తారు. ఒక్క కర్ర తగ్గినా ఆ పాయింట్లన్నీ పోతాయి. కొన్ని ఊళ్ళలో ఆట కూడా పోతుంది.

అంటే... తక్కువ అడిగితే నష్టం. ఆశపడి ఎక్కువ అడిగితే మొత్తం నష్టం. అవతలివాళ్ళు ఊరికే అనుమానించినా చేలకి అడ్డంపడి ముప్ఫై కర్రలు వంగి వంగి కొలుచుకోవాలి. ఇంత చిన్న రూల్లో లెక్కలూ ఉన్నాయి, నిజాయితీ ఉంది, ఎదుటివాడి మాట మీద నమ్మకం ఉంది. మూడో తరగతి పిల్లాడికి పొడవుల కొలతలు పాఠం చెప్పేముందు ఒక్క సాయంత్రం గోటీబిళ్ళ ఆడిస్తే సగం పాఠం అయిపోయినట్టే!

ఈ ఆటలో అంపైరుండడు. ‘తొండి’ అన్న ఒక్క మాటే శిక్ష. తొండి ఆడతాడని పేరు పడ్డవాడికి మర్నాడు ఉద్ది దొరకదు. అంతకంటే పెద్ద జరిమానా ఆ వయసులో ఏముంటుంది?

నీళ్ళు రాసిన రూళ్ళు

ఏలూరు నుంచి దక్షిణంగా కైకలూరు దారి పడితే కొల్లేరు మొదలవుతుంది. కృష్ణా, గోదావరి డెల్టాల మధ్య పల్లం. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు నీళ్ళన్నీ ఇందులోకే. బయటికి పోయే దారి మాత్రం ఒక్కటే, ఉప్పుటేరు. అయిదో కాంటూరు వరకూ ఉన్న 308 చదరపు కిలోమీటర్లను 1999లో వన్యప్రాణుల అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో రామ్‌సర్ చిత్తడి నేలల జాబితాలో చేరింది. సరస్సులో అక్రమంగా తవ్విన చేపల చెరువుల గట్లను 2006లో ‘ఆపరేషన్ కొల్లేరు’ పేరుతో కొట్టేశారు. చెరువుల కథ అంతటితో ఆగలేదు. గట్ల గురించిన గొడవా తీరలేదు.

ఈ లెక్కలన్నీ పెద్దవాళ్ళవి. అభయారణ్యం హద్దు ఎక్కడ, జిరాయితీ భూమి ఎక్కడ, చెరువు ఎవరిది... పంచాయతీలూ కోర్టులూ చూసుకుంటాయి. ఆ పటాల్లో కొంగలకి చోటుంది, చేపలకి చోటుంది. పిల్లల ఆటస్థలానికి మాత్రం గీత లేదు. అది వాళ్ళే గీసుకోవాలి.

లంక గ్రామమంటే నీళ్ళ మధ్య కాస్త మెరక. ఆ మెరక మీదే ఇళ్ళు, గుడి, బడి, పశువుల పాకలు. పిల్లలకి మిగిలేది గుడి ముందు వాకిలి, బడి ఆవరణ, లేదంటే గట్టు. గట్టు మీద ఆడేటప్పుడు ఏ ఆటైనా సన్నబడిపోతుంది. గోటీబిళ్ళలో పక్కకి కొట్టడం కుదరదు, తిన్నగానే కొట్టాలి. క్రికెట్‌లో సిక్సరంటే తప్పు! ఎంత బలంగా కొట్టావన్నది కాదు, ఎంత సూటిగా కొట్టావన్నది ముఖ్యం. కబడ్డీకి ఒక పక్క గీత ఉండదు... నీళ్ళే గీత.

వేసవి వస్తే కొల్లేరు వెనక్కి జరుగుతుంది. నీళ్ళు తీసిన మేర నేల నెర్రెలు విచ్చి గట్టిపడుతుంది. అప్పుడు చూడాలి పిల్లల సంబరం! కిక్కిస దుబ్బుల అవతల కనుచూపు మేరా మైదానమే. గట్టు మీది రూళ్ళన్నీ రద్దు. ‘ఎంత దూరమైనా కొట్టుకో!’ ఫాల్గుణంలో కొల్లేటికోట పెద్దింట్లమ్మ జాతరకి వచ్చిన చుట్టాల పిల్లలు కూడా కలిస్తే ఉద్దులకి కొదవే ఉండదు. 

వానాకాలం రాగానే మళ్ళీ గట్టు, మళ్ళీ సన్నటి ఆట. వరదొస్తే అదీ లేదు. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడని ముంచెత్తింది గుర్తుందిగా? ఆ నీళ్ళు చివరికి చేరాల్సింది కొల్లేటికే. ఏలూరు-కైకలూరు దారి మీద కూడా నీళ్ళు పారాయి. పెదఎడ్లగాడి దగ్గర నీటిమట్టం ఎంతుందని పెద్దలు అడుగుతుంటే, గట్టెప్పుడు తేలుతుందని పిల్లలు అడుగుతారు. ఇద్దరి ప్రశ్నా ఒకటే.

కొల్లేటి పిల్లల ఆటలో ఒక్క రూలుకి మాత్రం తిరుగుండకూడదు. బంతి నీళ్ళలో పడితే చిన్నపిల్లలు దిగకూడదు. ‘కొట్టినవాడే తేవాలి’ అన్నది ఏలూరు సందులో నవ్వుకునే రూలే. చేపల చెరువు దగ్గర అది ప్రాణం మీదకి తెస్తుంది. చెరువు గట్టు నిటారుగా ఉంటుంది, లోతు పైకి తెలియదు, జారితే పట్టుకోవడానికి ఏమీ ఉండదు. పొడుగాటి వెదురు గడకి చివర వల సంచి కట్టి గట్టున పెడితే చాలు, బంతి కోసం ఎవరూ దిగనక్కర్లేదు. అయిదొందల రూపాయల బ్యాటు కొనిచ్చే నాన్నలు, ఈ గడ సంగతి కూడా చూస్తే బాగుంటుంది.

వాళ్ళ అరటిపండు

ఈ జిల్లాల్లో అమెరికాలో పిల్లలున్న ఇళ్ళు చాలానే. అక్కడికి వెళ్ళొచ్చిన తాతయ్యలు, అమ్మమ్మలు మనవల ఆట చూసి ముందు ఆశ్చర్యపోతారు. మైదానం మధ్యలో నడుమెత్తు రబ్బరు గొట్టం. దాని మీద బంతి. ఎవరూ బంతి విసరరు. నెత్తిన హెల్మెట్, చేతిలో బ్యాట్‌తో వచ్చిన బుడతడు కదలకుండా ఉన్న ఆ బంతినే కొడతాడు. దాని పేరు టీ-బాల్. బేస్‌బాల్‌కి అక్షరాభ్యాసం లాంటిది. అక్కడి లిటిల్ లీగ్ సంస్థ నాలుగు నుంచి ఏడేళ్ళ పిల్లలకి ఈ ఆట నేర్పిస్తుంది. 2001లో అప్పటి అధ్యక్షుడు జార్జ్ బుష్ శ్వేతసౌధం పచ్చికలోనే చిన్నపిల్లలతో టీ-బాల్ ఆడించారు.

దానికీ రూళ్ళున్నాయి. చాలా లీగుల్లో అవి కాగితం మీద అచ్చువేసి తల్లిదండ్రుల చేతికిస్తారు. జట్టులో ఉన్న ప్రతి పిల్లకీ, పిల్లాడికీ బ్యాటింగ్ రావాల్సిందే. అవుటైనా కాకపోయినా అందరి వంతూ అయ్యాకే జట్లు మారతాయి. చాలాచోట్ల స్కోరు రాయరు. కొట్టాక బ్యాటు విసిరేయకూడదు, కింద పెట్టి పరుగెత్తాలి. వంతు వచ్చినవాడి చేతిలో తప్ప ఇంకెవరి చేతిలోనూ బ్యాటు ఉండకూడదు. అంపైరుతో తల్లిదండ్రులు గొడవపడకూడదు.

వింటుంటే ఎక్కడో విన్నట్టు లేదూ? అవుటవని ఆట, గెలుపోటములు లేని వంతు... అందరూ అరటిపళ్ళే! మనవాళ్ళు ఒక్క మాటలో చెప్పుకున్నదాన్ని వాళ్ళు కాగితం మీద రాసుకున్నారు. తేడా ఒక్కటే. అక్కడ ఆట పెద్దవాళ్ళ చేతిలో ఉంటుంది. శనివారం ఫలానా గంటకి, ఫలానా మైదానంలో. ఇక్కడ రూలు పెట్టేదీ పిల్లలే, మార్చేదీ పిల్లలే, తగువు తీర్చుకునేదీ పిల్లలే. అయితే, వాళ్ళ దగ్గర ఉన్నదీ మన దగ్గర కరువవుతున్నదీ ఒకటుంది. శనివారం వచ్చేసరికి వాళ్ళకి మైదానం ఉంటుంది.

ఖాళీ జాగా ఏదీ?

విద్యాహక్కు చట్టం వచ్చింది 2009లో, అమల్లోకి వచ్చింది 2010 ఏప్రిల్ 1న. ప్రతి బడికీ ఆటస్థలం ఉండాలని అందులో స్పష్టంగా రాశారు. ఎన్ని బడులకి ఉందో ఆ వీధిలో ఉన్నవాళ్ళకి తెలుసు. మేడ మీద మేడ కట్టిన బడుల్లో పిల్లలు ఆటల పీరియడ్‌లో క్యారమ్స్ ఆడుకుంటారు. పట్నం అంచున చేలు ప్లాట్లవుతాయి. పల్లెలో చేలు చెరువులవుతాయి. మిగిలిన కాస్త జాగాలో పెద్ద కుర్రాళ్ళు క్రికెట్ ఆడుతుంటే, అయిదేళ్ళవాడు గట్టు మీద కూర్చుని చూస్తాడు. లేదంటే ఇంట్లో సెల్‌ఫోన్ పట్టుకుంటాడు. ఫోన్లో ఆటలకీ రూళ్ళున్నాయి. కానీ వాటిని మార్చలేం. ‘మా చెల్లి కూడా ఆడుతుందంట’ అంటే ఒప్పుకునేవాళ్ళు అందులో ఎవరూ ఉండరు.

ఓ ఆట పోతే దాంతోపాటు మాటలూ పోతాయి. పంట, ఉద్ది, తొండి, తూచ్... ఇవి పాఠ్యపుస్తకంలో చదివి నేర్చుకునేవి కావు. అరిచి, అలిగి, మళ్ళీ కలిసి నేర్చుకునేవి.

అందుకని పాత ఆటలన్నీ కళ్ళు మూసుకుని మళ్ళీ తెచ్చేసుకోవాలనీ కాదు. గోటీబిళ్ళ కొస కంట్లో తగిలి ఆస్పత్రికి వచ్చే పిల్లల సంగతి కంటివైద్యుల్ని అడిగితే చెబుతారు. చిన్నవాళ్ళకి బిళ్ళ వద్దు. నాలుగు ఇటుకలు ఒకదాని మీద ఒకటి పేర్చి, పైన మెత్తటి బంతి పెట్టి, కర్ర చేతికివ్వండి. టీ-బాల్ అదే. దానికి రబ్బరు గొట్టం కొననక్కర్లేదు, అమెరికా వెళ్ళనక్కర్లేదు.

ఇంటిల్లిపాదీ ఆడొచ్చు... ఇవీ రూళ్ళు!

* ఉద్దులు కట్టుకుని రెండు జట్లుగా చీలండి. నాయకుడు మనిషిని కాదు, పేరును కోరుకోవాలి.
* ఇటుకల దొంతర పిల్లల నడుమెత్తుకి మించకూడదు. బంతి మెత్తగా ఉండాలి. టెన్నిస్ బంతి కంటే గట్టిది వద్దు.
* కొట్టేవాడికి రెండు బారల దూరంలో ఎవరూ నిలబడకూడదు. కొట్టాక కర్ర విసరకూడదు, కింద పెట్టాలి.
* జట్టులో అందరి వంతూ అయ్యాకే రెండో జట్టుకి కర్ర.
* పాయింట్లు కావాలంటే గోటీబిళ్ళ పద్ధతిలో ‘ఎన్ని కర్రలు?’ అడగండి. ఎక్కువ అడిగితే సున్నా.
* ఆరేళ్ళ లోపువాళ్ళు అరటిపళ్ళు. అవుట్ లేదు.
* దగ్గర్లో చెరువు, కాలువ ఉంటే ఆట వేరే చోటికి. తప్పకపోతే పెద్దవాళ్ళొకరు నీటివైపు నిలబడాలి.
* తొండి ఆడితే ఆ వంతు పోతుంది. అలిగి వెళ్ళిపోతే మాత్రం పిలుచుకురావాల్సిందే!

పొద్దు వాలుతుంది. ఆటపాక వైపు గూడబాతులు బారులు తీరి ఎగిరిపోతుంటాయి. దూరంగా దోనె మీద ఎవరో వల సర్దుకుంటుంటారు. గట్టు మీద ఆట ఆఖరికొచ్చింది. పాయింట్లు సమానం. ఇంకొక్క దెబ్బకే వెలుతురుంది.

‘ఎవరి వంతు?’

అయిదేళ్ళ పిల్ల కర్రతో ముందుకొస్తుంది. అవతలి జట్టువాడు అడ్డుపడతాడు. ‘అది అరటిపండు. దాని దెబ్బ లెక్కలోకి రాదు.’

పిల్ల ముఖం చిన్నబోతుంది. కర్ర మాత్రం వదలదు. ‘నేను అరటిపండు కాదు. నాకు ఆరొచ్చాయి!’

మళ్ళీ క్షణం సేపు నిశ్శబ్దం. మళ్ళీ తీర్పు. ‘సరే... లెక్కలోకి వస్తుంది. కానీ ఇక నుంచి అవుట్ కూడా ఉంటుంది. ఇష్టమేనా?’

ఇష్టమేనని తల ఊపుతుంది. తొలి దెబ్బ తప్పింది. రెండోదీ తప్పింది. ఎవరూ నవ్వడం లేదు. ఇప్పుడు ఆమె ఆటలో ఉంది.